చక్కెర వెయ్యని గ్లాసులో చక్కెర

జ్యూస్‌తో జాగ్రత్త అనే మాట ఎండాకాలంలో చెబితే ఎవరూ వినరు. నాలుక పిడచగట్టుకుపోయి, తలకు చుట్టుకున్న తువ్వాల చెమటకు తడిసిపోయి ఉన్నప్పుడు, ఎదురుగా బండి మీద బత్తాయిలు పసుపుపచ్చగా నిగనిగలాడుతుంటే ఎవరి మాట ఎవరికి చెవికెక్కుతుంది? అందుకే ఈ చలిలో, మంట ముందు చేతులు కాచుకుంటూ కూర్చున్నప్పుడే ఎత్తుకుంటున్నాను. సంగారెడ్డి జిల్లా చలి సంగతి మీకు తెలిసిందే. చలికాలం వచ్చిందంటే కోహీరు పేరు పేపర్లో పడుతుంది. ఇటు జరిగి కూర్చోండి, తీరుబడిగా మాట్లాడుకుందాం.

హైదరాబాద్ నుంచి గండిమైసమ్మ మీదుగా నర్సాపూర్ పోయే రోడ్డు మీద ఉంది మా గుమ్మడిదల. ఒకప్పుడు మెదక్ జిల్లా జిన్నారం మండలంలో ఊరు. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు సంగారెడ్డి జిల్లాలో మండలమైంది. చుట్టూ బొంతపల్లి, అన్నారం, దోమడుగు, కానుకుంట. బొంతపల్లి అనగానే పాతవాళ్ళకు వీరభద్రస్వామి గుడి గుర్తొస్తుంది, కొత్తవాళ్ళకు మందుల కంపెనీలు గుర్తొస్తాయి. షిఫ్టు మారే వేళకు కంపెనీ బస్సులు వరసగా వచ్చి ఆగుతాయి. దిగినవాళ్ళలో సగం మంది టీ బండి దగ్గరికి, సగం మంది జ్యూస్ బండి దగ్గరికి. ఎండలు ముదిరితే అందరూ జ్యూస్ బండి దగ్గరికే.

అక్కడ రోజూ వినబడే మాట ఒకటుంది. “అన్నా, నాకు షుగర్ ఉన్నది. చక్కెర ఏయకు.” బండి తమ్ముడు నిజాయితీగా చక్కెర డబ్బా ముట్టుకోడు. నాలుగు బత్తాయిలు పిండుతాడు, వడగడతాడు, గ్లాసు నింపి ఇస్తాడు. తాగినాయన నిశ్చింతగా మూతి తుడుచుకుని ఇంటికి పోతాడు. ఆ నిశ్చింత చూసినప్పుడల్లా నాకు గుబులు పుడుతుంది.

ఎందుకో లెక్క చూద్దాం. ఏమీ కలపకుండా పిండిన నారింజ జాతి రసంలో 100 మిల్లీలీటర్లకు సుమారు 8 గ్రాముల చక్కెర ఉంటుంది. పావు లీటరు గ్లాసులో 20 గ్రాములు. చెంచా చక్కెర నాలుగైదు గ్రాములు తూగుతుంది కాబట్టి, చక్కెర వెయ్యని ఆ గ్లాసులో నాలుగైదు చెంచాలు ముందే ఉన్నాయన్నమాట. ఆపిల్ రసంలో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములు, అంటే కూల్‌డ్రింకుకు దాదాపు సమానం. ద్రాక్షరసంలో ఇంకా ఎక్కువ. చెరుకు రసం సంగతి హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) కలిసి 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి. 100 మిల్లీలీటర్లకు 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుంది కనుక బాగా తగ్గించుకోమన్నాయి. పెద్దవాళ్ళు రోజుకు 30 గ్రాముల చక్కెర దాటకూడదని కూడా చెప్పాయి. పావు లీటరు చెరుకు రసం తాగితే ఆ హద్దు ఒక్క గ్లాసుతోనే దాటిపోయినట్టు.

“పండులో ఉండే చక్కెరే కదా, అది మంచిదే కదా” అని మీరంటారు. న్యాయమైన ప్రశ్నే. పండు తిన్నప్పుడు లేని చిక్కు రసం తాగినప్పుడు ఎందుకొస్తుంది? దీనికి జవాబు వెతికిన ఒక పాత ప్రయోగం నాకు చాలా ఇష్టం. 1977లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో హేబర్, హీటన్ బృందం ఆరోగ్యంగా ఉన్న పది మందిని పిలిచి, ఆపిల్‌ను మూడు రకాలుగా ఇచ్చింది. ఒకసారి ముక్కలుగా, ఒకసారి మెత్తగా గుజ్జు చేసి, ఒకసారి రసం తీసి. మూడింటిలోనూ పిండి పదార్థం, చక్కెర కలిపి 60 గ్రాములే ఉండేలా తూచారు. రసాన్ని ఎంత వేగంగా తాగగలిగారంటే, పండు తినడానికి పట్టే సమయంలో పదకొండో వంతులో గ్లాసు ఖాళీ అయ్యింది. సరే, వేగం వల్ల తేడా వస్తుందేమోనని మూడింటికీ ఒకే సమయం పట్టేలా చేసి మళ్ళీ చూశారు. రక్తంలో చక్కెర పైకెక్కడం మూడింట్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంది. కానీ రసం తాగినప్పుడు, గుజ్జు తిన్నప్పుడు ఇన్సులిన్ ఎక్కువగా ఉబికింది. ఆ తర్వాత చక్కెర గబుక్కున కిందికి జారింది, రసం తాగినప్పుడు మరీను. ముక్కలు తిన్నప్పుడు ఆ జారుడు లేదు. కడుపు నిండిన భావన కూడా ముక్కలకే ఎక్కువ, గుజ్జుకు తక్కువ, రసానికి మరీ తక్కువ.

ఆ పది మందికీ షుగర్ జబ్బు లేదని గుర్తుపెట్టుకోండి. వాళ్ళ క్లోమం అవసరానికి తగినంత ఇన్సులిన్ వదిలి చక్కెరను అదుపులోకి తెచ్చుకోగలిగింది. మన బండి దగ్గర నిలబడ్డ పెద్దమనిషికి ఆ వెసులుబాటు లేదు. ఆయన క్లోమం ఇప్పటికే అలసిపోయి ఉంది, లేదా ఆయన ఒళ్ళు ఇన్సులిన్ మాట వినడం మానేసింది. ఎక్కిన చక్కెర అక్కడే గంటల తరబడి నిలబడుతుంది. నమలడం, జీర్ణాశయం నుంచి కొంచెం కొంచెంగా దిగడం, పీచు అడ్డుపడి చక్కెరను నిదానంగా వదలడం, ఇవన్నీ పండు మనకు చేసిపెట్టే పనులు. బట్టలో వడగట్టినప్పుడు ఆ పీచు పిప్పిగా చెత్తబుట్టలోకి పోతుంది. నాలుగు బత్తాయిలు ఒలిచి తినమంటే రెండో పండుకే చాలంటాం. రసమైతే నాలుగూ రెండు నిమిషాల్లో కడుపులో ఉంటాయి.

పండ్ల చక్కెరలో ఒక భాగం ఫ్రక్టోజ్. అది రక్తంలో గ్లూకోజును వెంటనే పెద్దగా పెంచదు కాబట్టి షుగర్ చూసే మీటర్‌లో అంతగా కనబడదు. అది నేరుగా కాలేయానికి పోతుంది, మోతాదు మించితే అక్కడ కొవ్వుగా మారుతుంది. అందుకని “జ్యూస్ తాగి చెక్ చేసిన, ఎక్కువేం రాలే” అని ధీమాపడకండి. ఒక్కరోజు మీటరు అంకెతో తేలే సంగతి కాదిది.

ఇక అసలు నన్ను కలవరపెట్టే విషయానికి వస్తాను.

మన తెలుగువాళ్ళకు జ్యూస్ అంటే బలం. దవాఖానలో పడుకున్నవాళ్ళను చూడటానికి పోతే బత్తాయిల సంచి లేకుండా పోము. జ్వరం వచ్చి తగ్గితే జ్యూస్, ఆపరేషన్ అయితే జ్యూస్, రక్తం ఇస్తే జ్యూస్. “మొఖం పీక్కపోయింది, ఒక జ్యూస్ తాగరాదు బిడ్డా” అనే తల్లి ప్రేమలో ఏ తప్పూ లేదు. కానీ షుగర్ బీమారి మొదట ఎలా కనబడుతుందో చూడండి. నీరసం, ఎంత తాగినా తీరని దాహం, మాటిమాటికీ మూత్రానికి లేవడం, తిన్నా ఒళ్ళు తగ్గడం. కంపెనీలో రియాక్టర్ పక్కన, బాయిలర్ పక్కన ఎనిమిది గంటలు నిలబడ్డ మనిషికి నీరసం, దాహం వస్తే ఎవరైనా ఏమనుకుంటారు? వేడి అనుకుంటారు, పని అనుకుంటారు. జ్యూస్ తాగుతారు. రక్తంలో చక్కెర ఇంకా ఎక్కుతుంది. ఎక్కిన చక్కెరను మూత్రపిండాలు నీళ్ళతో సహా బయటికి తోస్తాయి. దాహం రెట్టింపవుతుంది. మళ్ళీ జ్యూస్. ఇలా వారం పది రోజులు తిరిగితే మనిషి దవాఖానకు చేరే సరికి చక్కెర నాలుగైదు వందలు దాటి ఉంటుంది. జబ్బు ఉందని తెలియనివాడికే ఈ ప్రమాదం ఎక్కువ. తెలిసినవాడు కనీసం చక్కెర వెయ్యొద్దనైనా చెబుతాడు.

రాత్రి డ్యూటీ వాళ్ళకు ఇంకో సంగతి. రాత్రిపూట మన ఒంట్లో ఇన్సులిన్ పని మందగిస్తుంది. పగలు పది గంటలకు తాగిన గ్లాసుకన్నా రాత్రి రెండింటికి తాగిన అదే గ్లాసు చక్కెరను ఎక్కువ పెంచుతుంది. నిద్ర ఆపుకోవడానికి ప్యాకెట్ జ్యూసులు, కూల్‌డ్రింకులు తాగే తమ్ముళ్ళు ఇది మనసులో పెట్టుకోవాలి. ఈ ప్రాంతంలో మందులు తయారుచేసే చేతులే ఎక్కువ. బొంతపల్లిలో పారాసిటమాల్ చేసే గ్రాన్యూల్స్ కంపెనీ చేసే మరో మందు మెట్‌ఫార్మిన్. షుగర్ ఉందని తేలితే డాక్టర్లు సాధారణంగా మొదట రాసే మాత్ర అదే. ప్రపంచానికి ఆ మాత్రలు చేసి పంపే మనుషుల రక్తంలో చక్కెర ఎంతుందో వాళ్ళకే తెలియకుండా ఉండటం నాకు మింగుడు పడదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారు.

దాహం మాట వచ్చింది కనుక ఓఆర్ఎస్ సంగతి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అసలు ఓఆర్ఎస్‌లో లీటరు నీళ్ళకు గ్లూకోజు 13.5 గ్రాములే, దానితో పాటు లెక్క ప్రకారం ఉప్పు, పొటాషియం, సిట్రేట్. కానీ ఓఆర్ఎస్ అనే అక్షరాలు పేరులో పెట్టుకుని, అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పండ్ల రుచి పానీయాలు ఏళ్ళ తరబడి మందుల షాపుల్లో అమ్ముడయ్యాయి. విరేచనాలైన పిల్లలకు తల్లులు వాటినే పట్టారు, ఎండదెబ్బ తగిలిన కార్మికులు వాటినే తాగారు. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళపాటు పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆ పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ఆ డాక్టరమ్మకు ఈ కంపెనీల బెల్టులో ప్రతి ఇల్లూ రుణపడి ఉందని నేను నమ్ముతాను. మందుల షాపులో ఓఆర్ఎస్ అడిగితే నీళ్ళలో కలుపుకునే పొడి ప్యాకెట్ అడగండి. దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

ప్యాకెట్ జ్యూసుల గురించి ఒక్క మాట చాలు. గుజ్జు, గాఢరసం తెచ్చి నీళ్ళు కలిపి చేసిన వాటి మీద ‘100 శాతం పండ్లరసం’ అని రాయొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 జూన్‌లో చెప్పింది. మామిడి డ్రింకుల్లో గుజ్జు తక్కువ, చక్కెర ఎక్కువ. వెనకవైపు చిన్న అక్షరాల్లో ‘యాడెడ్ షుగర్’ ఎన్ని గ్రాములో ఉంటుంది, చదవండి.

మరి స్మూతీలు? ఇప్పుడు మా రోడ్డు పొడుగునా వెంచర్లు, విల్లాలు వచ్చాయి. పొద్దున్నే మిక్సీలో పండ్లు, పాలు, ఓట్స్ వేసి తిప్పుకుని తాగే పిల్లలు ఇక్కడా ఉన్నారు. వాళ్ళను జ్యూస్ తాగేవాళ్ళతో ఒకే గాటన కట్టడం సబబు కాదు. మిక్సీలో తిప్పినప్పుడు పీచు నలుగుతుంది గానీ బయటికి పోదు. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్ళు గింజలున్న పండ్లను అలా తిప్పి ఇచ్చి చూస్తే, అవే పండ్లు ముక్కలుగా తిన్నప్పటికంటే చక్కెర తక్కువ పెరిగింది. 2022లో ఆపిల్, బ్లాక్‌బెర్రీ కలిపి చేసిన మరో పరీక్షలోనూ అదే ఫలితం. గింజలు నలిగి, వాటిలోని పీచు, నూనె, ఇతర పదార్థాలు బయటపడటం వల్ల కావచ్చని ఆ పరిశోధకులు అనుకున్నారు. జామకాయను గింజలతో సహా తిప్పితే మనకూ అలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. అవి చిన్న పరీక్షలు, షుగర్ లేనివాళ్ళ మీద చేసినవి. కానీ స్మూతీ అనగానే విషంలా చూడనక్కర్లేదని మాత్రం చెప్పగలను.

చిక్కంతా మనం వేసే సరుకులో ఉంది. రెండు అరటిపండ్లలో చక్కెర 28 గ్రాముల దాకా ఉంటుంది. పెద్ద చెంచా తేనెలో 17 గ్రాములు. నాలుగు ఖర్జూరాలు పడితే ఇంకో 20. పాలలో ఉన్నది వేరే. మొత్తం 65 దాకా అయింది, ఇదంతా టిఫిన్‌కు ముందే! తేనె, బెల్లం, ఖర్జూరం వేశాం, చక్కెర వెయ్యలేదు అనుకోవడం కూడా మన బండి దగ్గరి పెద్దమనిషి చేసిన పొరపాటే. అంతగా తాగాలనుంటే ఒకే పండు వెయ్యండి. చక్కెర కలపని పెరుగు వెయ్యండి, గుప్పెడు పల్లీలో, నానబెట్టిన సబ్జా గింజలో వెయ్యండి. అదే టిఫిన్ అనుకోండి, టిఫిన్ పక్కన డ్రింక్ అనుకోకండి. ఇక సపోటా మిల్క్‌షేక్‌లో చక్కెర, పైన ఐస్‌క్రీం అంటే, షుగర్ ఉన్నవాళ్ళు దాన్ని పూర్తిగా మర్చిపోవలసిందే.

ఇంత చెప్పాక షుగర్ ఉన్నవాళ్ళు పండ్లే మానేస్తారేమోనని నాకు భయం. అది ఇంకా పెద్ద నష్టం. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం అమెరికాలో 1,87,000 మందికి పైగా జనాన్ని ఏళ్ళ తరబడి గమనించి చూసింది. ద్రాక్ష, ఆపిల్, బ్లూబెర్రీ లాంటి పండ్లు పండ్లుగా తిన్నవాళ్ళకు షుగర్ వచ్చే అవకాశం తక్కువగా కనబడింది, జ్యూస్ తాగినవాళ్ళకు ఎక్కువగా కనబడింది. మనకు పండ్లకు కొదవ ఏముంది? సంగారెడ్డిలోనే ఫల పరిశోధన కేంద్రం ఉంది. రుమానీ, నీలం రకాలను కలిపి మంజీర అనే మామిడిని పుట్టించిన చోటు అది. సీజన్లో నర్సాపూర్ అడవి వైపు నుంచి సీతాఫలాల గంపలు రోడ్డు మీదికి వస్తాయి. అల్లనేరేళ్ళు, రేగుపండ్లు, వేసవిలో తాటి ముంజలు. అన్నిటికీ మించి జామకాయ. 100 గ్రాముల జామలో 5 గ్రాముల పీచు దాకా ఉంటుంది, పైగా దోరగా ఉన్నది నమలడానికి బాగా సమయం పడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు రోజుకు ఒక జామకాయ, లేదా ఒక బత్తాయి తొనల పొరలతో సహా, లేదా చిన్న గిన్నెడు బొప్పాయి ముక్కలు తినొచ్చు. మామిడి, సీతాఫలం తినాలనిపిస్తే సగం పండు, అన్నం తిన్న వెంటనే కాకుండా విడిగా తినండి. దాహమైతే నీళ్ళు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ, చక్కెర లేని నిమ్మరసం తాగండి. బీపీ ఉంటే ఉప్పు తగ్గించుకోండి.

కాకరకాయ రసం తాగేవాళ్ళకు ఒక మాట. అది మాత్రలకు బదులు కాదు. సొరకాయ రసమైతే చుక్క నాలుక మీద వేసి చూడండి. చేదుగా ఉంటే పారబోయండి. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో మనుషులు చనిపోయారు, ఐసీఎంఆర్ నియమించిన నిపుణులు కూడా దాన్ని తాగొద్దనే చెప్పారు.

ఇంత తిట్టిన జ్యూసే ప్రాణం నిలబెట్టే సందర్భం ఒకటుంది, అది ప్రతి షిఫ్టులో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకు, తిండి ఆలస్యమైనా, ఓవర్‌టైమ్ చేసి అలసిపోయినా చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చల్లటి చెమటలు, చేతులు వణకడం, గుండె దడ, మాట తడబడటం. తోటివాళ్ళు తాగి వచ్చాడనుకుంటారు. మీటరులో 70 కంటే తగ్గితే, మీటరు లేకపోతే ఆ లక్షణాలు కనబడగానే, అర గ్లాసు పండ్లరసం తాగించండి. సుమారు 120 మిల్లీలీటర్లు. లేదా మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాలకు మళ్ళీ చూడండి, ఇంకా తక్కువగానే ఉంటే మళ్ళీ అంతే ఇవ్వండి. కుదుటపడ్డాక ఏదైనా తినిపించండి. జ్యూస్‌లోని చక్కెర అడ్డు లేకుండా రక్తంలోకి దూసుకుపోయే గుణమే అప్పుడు మనకు కావలసింది. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం చుక్క కూడా పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. షుగర్ ఉన్న అన్నలూ, అక్కలూ, మీ పక్కన పనిచేసేవాళ్ళకు ఈ సంగతి దాచకుండా చెప్పి పెట్టండి.

చివరిగా ఒకటి అడుగుతాను, కాదనకండి. 30 దాటిన ప్రతివాళ్ళకూ షుగర్, బీపీ పరీక్ష సర్కారు దవాఖానల్లో ఉచితం. కంపెనీలో ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్ళకు ఈఎస్ఐ దవాఖాన కూడా ఉంది. పరగడుపున 100 లోపుంటే ఫరవాలేదు, 100 నుంచి 125 మధ్య ఉంటే జాగ్రత్త పడాల్సిన సమయం, 126 ఆపైన వస్తే మళ్ళీ ఒకసారి పరీక్ష చేయించి డాక్టరును కలవాలి. దాహం ఎక్కువైనవాళ్ళు, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేచేవాళ్ళు వయసు లెక్క చూసుకోకుండా పొండి. ఎండలు రాకముందే, వచ్చే వీక్లీ ఆఫ్ రోజున పొద్దున్నే పొండి. ఇంట్లో వాళ్ళను కూడా తీసుకుపొండి. పరీక్ష అయ్యేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకండి, దారిలో జ్యూస్ కూడా.